హిమసంపాతము

పర్వతపు వాలుపై పేరుకొనిన మంచు ఒక్కుమ్మడిగ పట్టుదప్పి దిగువకు దొరలుట హిమసంపాతము. వాడుకలో దీనినే మంచుచరియ విరిగిపడుట యందురు. దీనినిగూర్చిన జ్ఞానచరిత్ర ప్రధానముగ ఆల్ప్స్ పర్వతములది. స్విట్జర్లండున అండర్‌మాట్ గ్రామస్థులు 1397లోనే, తమ యిండ్లపైని వాలున మిగిలియున్న యడవిని నరుకరాదని శాసనము వ్రాసికొనిరి. మ్రాకులు మంచును పట్టి నిలుపునని వారికి నేర్పినది అనుభవమే. శాస్త్రము పుట్టకమున్నే యింత గ్రహించిన యా పల్లెవాండ్ర వివేకము నమస్కరింపదగినది.

ఆ దేశపు అటవీశాఖాధికారి యోహాన్ కోఆట్స్ 1881లో స్విస్ ఆల్ప్స్ హిమసంపాతములపై గ్రంథమును ప్రకటించెను. 1910 మార్చిలో అమెరికాయందు వెల్లింగ్టన్ స్టేషనువద్ద నిలిచియున్న రైళ్లను మంచు లోయలోనికి ద్రోయగా 96 మంది మరణించిరి. 1916 డిసెంబరు 13న, మహాయుద్ధకాలమున, మార్మొలాదా పర్వతముక్రింది ఆస్ట్రియా శిబిరమున 200కు మించిన సైనికులు సమాధియైరి.

అంతవరకు జనులు కొండ మొగము జూచి భయపడుటయే గాని మంచు కడుపును ద్రవ్వి చూచుట యరుదు. 1936లో స్విట్జర్లండున దావోస్ చెంత వైస్‌ఫ్లుయోక్ శిఖరప్రాంతమున వెలసిన ప్రయోగశాల ఆ పని నారంభించెను. అచ్చటి పరిశోధకులు హేఫెలి, బాడర్ ప్రభృతులు 1939లో వెలువరించిన గ్రంథము మంచు నిశ్చలపదార్థము గాదని నిరూపించెను. మంచు పలుచగ పేరినచోట, నేలనంటిన యడుగుపొర ఇంచుమించు సున్న డిగ్రీలయొద్ద వెచ్చగ నుండగా, నిర్మలాకాశపు రాత్రులందు పైపొర మిక్కిలి చల్లబడును. 10 సెంటీమీటర్ల మందమునకు 1 డిగ్రీకి మించిన తారతమ్యము గలిగెనేని, అడుగునుండి ఆవిరి పైకి వ్యాపించి, రేణువులు ఒండొంటితో నతుకుకొనుట మాని కోణములుదేరిన స్ఫటికములగును. అట్టి మంచును గుప్పిట బట్టి నొక్కినచో ఉండ కట్టదు. పంచదారవలె వ్రేళ్లసందులనుండి జారిపోవును. దానిపై గాలి కూర్చిన గట్టిపలక యొకటి చేరెనా, 30 మొదలు 45 డిగ్రీల వాలున ఒక్క మనుష్యుని బరువు చాలును: ‘ధుమ్’ మను క్రుంగుడు శబ్దము, పలకపై అడ్డముగ బారిన పగులు, అంతలోనే కొండ కదలుట. శీతకాలమున జనసంచారములేని వాలులపై స్కీలతో తిరుగువారు ప్రాణములు గోల్పోవునప్పుడు, ఆ పలకను కదల్చినవారు తరచుగా తామో తమ తోడివారో యగుట యిందువలననే.

1950–51 శీతకాలమున స్విట్జర్లండునందే 98 మంది మరణించిరి. 1397 నాటి శాసనముగల అండర్‌మాట్ సైతము దెబ్బతినెను. పిదప వాలులపై ఉక్కుకంచెలు, అపాయమండలముల పటములు విస్తరించెను. 1968లో అమెరికాయందు జాన్ లాటన్ నిర్మించిన ‘స్కాడి’ యను రేడియో పరికరము పూడినవారిని తోడివారే వెదకుటకు వీలు కల్పించెను. ఇది స్వల్పలాభము గాదు: పూడినవారిని 15 నిమిషములలో వెలికిదీసినచో పదింట తొమ్మండుగురు బ్రతుకుదురు; అరగంట దాటినచో మూడవవంతే.

భారతదేశమున 1969లో మనాలియందు హిమ–హిమసంపాత పరిశోధనసంస్థ యేర్పడెను. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ నందు, 19,000 అడుగులకు పైనున్న స్థావరముపై మంచుగోడ కూలి, మద్రాసు రెజిమెంటు సైనికులు 10 మంది దానిక్రింద జిక్కిరి. వారిలో నొకడు కర్నూలు జిల్లావాడు. ఆరవనాడు త్రవ్వి చూడగా ఒక్కడు మాత్రము ఊపిరితో నుండెను. ఆతడును మూడుదినములకు ఢిల్లీ ఆసుపత్రియందు కన్నుమూసెను.