ఫ్రీడా కాలో

స్త్రీ అద్దము ముందు కూర్చున్నచో అలంకారమునకే కూర్చున్నదని లోకము తలచును. మెక్సికో దేశపు చిత్రకారిణి ఫ్రీడా కాలో జీవితములో అధికభాగము అద్దమును చూచియే కుంచె పట్టెను. ఆమె వ్రాసిన చిత్రములలో ఇంచుమించు మూడవవంతు తన రూపములే. ఇది ఆత్మశ్లాఘ యనువారు గలరు. దుఃఖప్రదర్శన మనువారును గలరు. ఈ రెండును సరియైన తీర్పులు కావని మాకు తోచుచున్నది. అందులకు ఆమె చరిత్రయే సాక్ష్యము.

ఫ్రీడా 1907వ సంవత్సరము జూలై 6వ తేదీని మెక్సికో నగరము చెంతనున్న కొయొఆకానులో జన్మించెను. తండ్రి గియెర్మో కాలో జర్మనీనుండి వలసవచ్చిన ఛాయాగ్రాహకుడు. తల్లి మటిల్దే కాల్దెరోన్ మెక్సికో స్త్రీ. ఆరేండ్ల ప్రాయమున పోలియో సోకి బాలిక కుడికాలు సన్నగిల్లెను. తోడిపిల్లలు గేలిచేసిరి. తండ్రి ఆమెను ఇంట దాచక ఈతకును, కుస్తీకిని, బంతియాటకును పురికొల్పెను. ఛాయాపటములకు సన్నని కుంచెతో మెరుగులు దిద్దుట నేర్పెను. 1922లో ఆమె మెక్సికో నగరమందలి జాతీయ సన్నాహక పాఠశాలలో చేరినప్పుడు సుమారు 2000 మంది విద్యార్థులలో బాలికలు 35 మంది మాత్రమే. వైద్యురాలు కావలెనని ఆమె సంకల్పము.

1925 సెప్టెంబరు 17వ తేదీని ఆమె ఎక్కిన బస్సును ట్రాముబండి ఢీకొట్టెను. ఇనుపకమ్మి యొకటి దేహమును దూసికొనిపోయెను. వెన్నెముకయు, కటియెముకయు, కుడికాలును విరిగెను. వైద్యవిద్య యాశ అంతటితో ముగిసెను. కదలలేని కూతురికై తల్లి మంచముపై అమరునట్టి చిత్రపీఠమును చేయించి, పైన అద్దము కట్టించెను. తండ్రి తన రంగులపెట్టె నిచ్చెను. అలంకారమునకై అద్దము చూచువారు లోపములను కప్పిపుచ్చుకొందురు. ఈమెయో, కలిసిన కనుబొమలను, పైపెదవి మీది నూగును గూడ విడువక వ్రాసెను. తన ముఖము ఆమెకు అధ్యయనవస్తు వయ్యెను.

1929 ఆగస్టు 21వ తేదీని ఆమె తనకంటె 20 ఏండ్లు పెద్దయైన ప్రసిద్ధ కుడ్యచిత్రకారుడు డియేగో రివేరాను వివాహమాడెను. భర్త గోడలనిండ దేశచరిత్రను వ్రాయుచుండగా, ఆమె చిన్న రేకులపై వ్రాయుచుండెను. 1932లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఆమెకు గర్భస్రావ మయ్యెను. ఆ సంవత్సరమే 'హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రి' యను చిత్రమును మూరెడైన లేని లోహపురేకుపై రచించెను. మెక్సికోలో ఆపద గడచిన సామాన్యజనులు ఆ యాపదను రేకుపై వ్రాయించి దేవాలయమున సమర్పించుట ఆచారము. ఆ మ్రొక్కుబడి చిత్రముల రీతినే ఆమె గ్రహించెను. కాని ఇందు కాపాడిన దైవము లేదు, కృతజ్ఞతయు లేదు. రక్తసిక్తమైన మంచముపై ఒంటరి స్త్రీ, దూరమున కర్మాగారము. తల్లీబిడ్డల చిత్రములు లోకమున లెక్కకు మిక్కిలి. బిడ్డను కోల్పోయిన స్త్రీ పక్షమున పలికిన చిత్రములు మిగుల నరుదు.

మరుసటి యేట డెట్రాయిట్ పత్రిక యొకటి, మహాచిత్రకారుని భార్య వినోదార్థము కుంచె పట్టుచున్నదని శీర్షిక పెట్టెను. 1938లో చలనచిత్ర నటుడు ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ ఆమె చిత్రములు నాల్గింటిని ఒక్కొక్కటి 200 డాలర్లకు కొనెను. ఆ యేడే న్యూయార్కులో ఆమె ప్రదర్శన జరిగెను. 1939లో ఫ్రెంచి ప్రభుత్వము ఒక చిత్రమును కొనెను. భర్తతో విడాకులును ఆ యేడే. 1940 డిసెంబరులో వారిరువురు మరల వివాహమాడిరి. తన జీవనము తన కుంచెవలననే జరుగవలెననియు, ఇంటివ్యయములో సగము తానే భరింతుననియు ఆమె నిబంధన పెట్టినట్లు రివేరా ఆత్మకథలో చెప్పినాడు. ఈ నిబంధనను మా పాఠకురాండ్రు గమనింపవలెను. ఆమె భర్తను ప్రేమింపకపోలేదు. ప్రేమకు పోషణను వెలగా కట్టించుకొన నొల్లకపోయెను.

1943లో ఆమె చిత్రకళాశాలలో ఉపాధ్యాయిని యయ్యెను. ఆరోగ్యము చెడగా శిష్యులను ఇంటికే రప్పించి బోధించెను. 1944లో వ్రాసిన 'విరిగిన స్తంభము'లో వెన్నెముకకు మారుగా బీటలువారిన రాతికంబము కనిపించును. స్వదేశమున ఆమె తొలి ప్రత్యేక ప్రదర్శన 1953 ఏప్రిలులో జరుగగా, మంచముమీదనే మోయించుకొని వచ్చెను. ఆగస్టులో కాలు తీసివేసిరి. 1954 జూలై 13వ తేదీని మరణించెను. జన్మించిన యిల్లు 1958లో ప్రదర్శనశాల యయ్యెను.

దోషములను దాచుట చరిత్రకు తగదు. స్టాలినుకు శత్రువై దేశము వీడిన ట్రాట్స్కీకి 1937లో తన యింట ఆశ్రయమిచ్చిన యామెయే, తుదిదినములలో స్టాలిను రూపమును భక్తితో వ్రాసెను. తన దేహమునుగూర్చి అబద్ధమాడని చూపు రాజకీయమున అంత నిశితముగా లేకపోయెను.

కష్టమే ఆమెను కళావతిని చేసినదని తరచుగా వినుచున్నాము. ఆ బస్సులో గాయపడినవారు అనేకులు. చిత్రకారిణి యైనది ఒక్కతె. తండ్రి నేర్పిన కుంచెపని, పాఠశాలలో దొరకిన చోటు, తల్లి చేయించిన పీఠము, వీనికితోడు ముప్పదియేండ్ల పరిశ్రమ, ఇవి లేనిచో బాధ బాధగానే మిగిలియుండును. మంచము పట్టిన కూతురికి మన యిండ్లలో మందును, పథ్యమును, జాలియు దొరకును. ఆమె చేతికొక పనిముట్టు దొరకుచున్నదా?