చదువు తరువాత దారి: చూపినవారి చరిత్ర



పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: "తరువాత ఏం చదువుతావు? ఏమవుతావు?" అడిగేవారు చాలామంది. జవాబు వెతకడానికి పిల్లల పక్కన కూర్చునేవారు తక్కువ.

వెనకటి రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. నేతగాని కొడుకు మగ్గం ముందు, కమ్మరి కొడుకు కొలిమి ముందు కూర్చునేవాడు. ఆడపిల్లను అడిగేవారే లేరు. చదువులు పెరిగి ఆ కట్టు సడలాక దారి చూపేవారి అవసరం వచ్చింది.

ఆ పనికి ఒక పద్ధతి ఏర్పరచినవారు ఫ్రాంక్ పార్సన్స్. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో యువకుల కోసం ఒక సలహా కేంద్రం తెరిచారు. ఆ ఏడాదే కన్నుమూశారు. ఆయన పుస్తకం మరుసటి ఏడు వెలువడింది. ఆయన చెప్పినవి మూడే మాటలు. నీ శక్తి, ఇష్టం ఏమిటో తెలుసుకో. పనులు ఎలాంటివో తెలుసుకో. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించు.

మన దేశంలో తొలి అడుగులు వేసిన నగరాల్లో బొంబాయి ఒకటి. అక్కడ 1941లో బాట్లీబాయ్ గారి కేంద్రం, 1947లో పార్శీ పంచాయతీ కేంద్రం ఈ పని చేపట్టాయి. 1952లో కేంద్ర ప్రభుత్వం మాధ్యమిక విద్యా సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షులు డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్. ఆయన పుట్టింది మన కర్నూలులో, 1887లో. పిల్లలకు వృత్తుల గురించి చెప్పే ఉపాధ్యాయులు క్రమంగా ప్రతి బడికీ అందుబాటులోకి రావాలని, పరిశ్రమల పనిని చలనచిత్రాల్లో చూపి, ఆపైన స్వయంగా తీసుకెళ్ళి చూపాలని ఆ సంఘం 1953లో సిఫారసు చేసింది. 1964-66 నాటి కొఠారీ సంఘం కనీసం పది బడులకొక సలహాదారు ఉండాలంది.

ఇక ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీల కథ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ, 1945లో, సైన్యం నుంచి తిరిగివచ్చేవారికి పని చూపడానికి అవి పుట్టాయి. 1948లో అందరికీ తలుపులు తెరిచాయి. 1956 నవంబరు 1న వాటి రోజువారీ పాలన రాష్ట్రాలకు అప్పగించారు.

ఆ తేదీ మనకు బాగా తెలిసినదే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది ఆ రోజే. రాయచూరు హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళిందీ ఆ రోజే. అంటే హద్దులు గీసిన నాడే, కొలువుల కబురు చెప్పే కార్యాలయాలూ ఆయా రాష్ట్రాల చేతికి వెళ్ళాయి. 1976లో ఉద్యోగ ప్రకటనల కోసం కేంద్రం వారపత్రిక ప్రారంభించింది. అది వచ్చింది ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ భాషల్లో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, ప్రకటన మరో భాషలో. తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లిదండ్రులకు ఆ కబురు నేరుగా అందేది కాదు.

మరొక చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 1974లో విద్యాసంస్థల ప్రవేశాలకు, 1975లో ప్రభుత్వోద్యోగాలకు రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఎవరు స్థానికులో తేల్చడానికి అవి ముఖ్యంగా చూసింది మాతృభాషను కాదు, ఎక్కడ చదివారన్నది. హద్దుకు ఇవతల చదివిన మన పిల్లలు అవతల స్థానికేతరులయ్యే వీలుంది. అందుకే ఎటు వెళ్ళాలన్నా, దరఖాస్తుకు ముందే అప్పటికి అమలులో ఉన్న నిబంధనను కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. చేరిన తరువాత తెలిస్తే ఒక ఏడాది పోతుంది. పేదింటికి ఏడాది చిన్నమాట కాదు.

అయితే మన పిల్లలకు ఒక బలమూ ఉంది. రెండు మూడు భాషలు నోట ఆడటం మామూలు సంగతి కాదు. బ్యాంకులో, ఆసుపత్రిలో, రైల్వేలో, వ్యాపారంలో అది అక్కరకు వచ్చేదే.

2015లో ప్రభుత్వం ప్రకటించిన వృత్తుల వర్గీకరణలో సుమారు 3,600 రకాల పనులున్నాయి. మన ఇళ్ళలో వినబడేవి నాలుగో అయిదో. ఆ ఏడాదే కేంద్రం జాతీయ ఉపాధి సేవను కంప్యూటర్ ద్వారా అందించడం మొదలుపెట్టింది. ఇంత సమాచారం ఉన్నా, దాన్ని పిల్లలతో కలిసి చూసే పెద్దలు కావాలి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊళ్ళో వేర్వేరు పనులు చేసే ముగ్గురి దగ్గరకు మీ పిల్లల్ని పంపండి. ఏం చదివారు, రోజంతా ఏం చేస్తారు, ఇందులో కష్టమేమిటని అడిగి రాసుకురమ్మనండి. అమ్మాయినీ పంపండి. పార్సన్స్ చెప్పిన రెండో మాట అక్కడే మొదలవుతుంది.

సెలవు.