సోక్రటీసు విచారణ: ఏకపాత్రకు ఆధారాలు ఎంతవరకు?

క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానంలో సోక్రటీసు ఇచ్చుకున్న సంజాయిషీని ఆయన శిష్యుడు ప్లేటో 'అపాలజీ'గా రాశాడు. అందులో సోక్రటీసు కాకుండా నోరు విప్పేది మెలెటస్ ఒక్కడే. ఆ ఫిర్యాదుదారు మాటలు కూడా చాలావరకు 'అవును', 'కాదు' అన్నంత పొట్టివి. మిగిలినదంతా డెబ్బయ్యేళ్ల మనిషి నిలబడి ఒంటరిగా మాట్లాడడమే. అందుకే దీన్ని ఒకే నటుడితో ఆడించాలన్న ఆలోచన రంగస్థలం వాళ్లకు సహజంగానే వచ్చింది. గ్రీక్ అమెరికన్ నటుడు యానిస్ సిమొనీడిస్ 'సోక్రటీస్ నౌ' పేరుతో ఈ పాఠాన్ని ఒక్కడే అనేక దేశాల్లో ప్రదర్శించాడు. ప్రదర్శన ముగిశాక ప్రేక్షకులతో చర్చ పెట్టడం ఆయన పద్ధతి.

దీన్ని తెలుగులో, ఉదాహరణకు నెల్లూరు జిల్లా కావలిలో ఒక కళాశాల వేదిక మీద, ఏకపాత్రగా తేవాలంటే మూలాధారాలు ఎంతవరకు అనుమతిస్తాయన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఏకపాత్రాభినయం మనకు కొత్త కాదు. ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) హరికథలో ఒక్కరే అన్ని పాత్రలూ పలికించేవారు. 'దానవీరశూరకర్ణ' (1977) వచ్చాక మయసభ దుర్యోధనుడు, అంతకు ముందునుంచీ కాటిసీను హరిశ్చంద్రుడు బడి వార్షికోత్సవాల దాకా చేరిపోయారు. ఈ రెండింటి పట్టు ఎక్కడుందో గమనించాలి. ఒకటి అవమానంతో రగిలే కోపం మీద, రెండోది శోకం మీద నడుస్తాయి. సోక్రటీసును కూడా ఆ అచ్చులోనే పోస్తే నాటకం నేరుగా విషపాత్ర దగ్గరికి పరుగెడుతుంది. 1956 తమిళ చిత్రం 'రాజా రాణి'లో కరుణానిధి సంభాషణలతో శివాజీ గణేశన్ నటించిన సోక్రటీసు ఘట్టం తర్వాత, మద్రాసుకు దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో ఆ ఆకర్షణ ఇంకా బలంగా ఉంటుందని నా ఊహ. ఇది ఊహే, రుజువు కాదు.

ఆధారాల మాటకొస్తే, 'అపాలజీ'లో విషపాత్ర లేదు. తీర్పు విన్నాక సోక్రటీసు చివరి మాటలు చెప్పడంతో ఆ రచన ముగుస్తుంది. మరణ దృశ్యం 'ఫీడో' అనే మరో సంభాషణలోది. విచారణకు తాను హాజరయ్యానని ప్లేటో 'అపాలజీ'లో సోక్రటీసు నోటే చెప్పిస్తాడు. శిక్షగా ప్రతిపాదించిన జరిమానాకు పూచీ నిలిచిన మిత్రుల్లో తన పేరు కూడా చేరుస్తాడు. 'ఫీడో'లోనేమో, ఆ రోజు ప్లేటోకు ఒంట్లో బాగాలేదనుకుంటానని కథకుడితో అనిపిస్తాడు. అంటే మొదటిదానికి రచయిత సాక్షి, రెండోదానికి కాదు. ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ 1787లో గీసిన ప్రసిద్ధ చిత్రంలో మంచం కాళ్లవైపు ముసలి ప్లేటో కూర్చుని ఉంటాడు. నిజానికి అప్పటికి ప్లేటో వయసు ముప్పయ్యేళ్ల లోపే, పైగా అక్కడ లేడు. మన మనసుల్లో నిలిచిన సోక్రటీసు చాలావరకు ఈ చిత్రంలోనివాడే.

సాక్షి అయినంత మాత్రాన ప్లేటో మాట మాటా రాసుకున్నాడని కాదు. సోక్రటీసు స్వయంగా ఒక్క పంక్తీ రాయలేదు. ఇదే విచారణ గురించి రాసిన జెనొఫోన్ అప్పుడు ఏథెన్స్‌లో లేడు. సోక్రటీసు మిత్రుడు హెర్మొజెనీస్ చెప్పగా విన్నది రాశాడు. అతని సోక్రటీసు ముసలితనపు బాధలకంటే ఇప్పుడు పోవడమే నయమనుకుని గర్వంగా మాట్లాడతాడు. ప్లేటో సోక్రటీసు తన పని దేవుడు అప్పగించిందన్న నమ్మకంతో మాట్లాడతాడు. రెండు స్వభావాలనూ కలిపి ఒకే నటుడి మీద వేస్తే పాత్ర పొసగదు. అనుసరణ చేసేవారు ఏదో ఒకదాన్ని ఎంచుకుని, ఆ సంగతి కరపత్రంలో చెప్పాలి.

ఓట్ల లెక్క దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ముప్పయి ఓట్లు అటునుంచి ఇటు మారి ఉంటే బయటపడేవాణ్నని ప్లేటోలో సోక్రటీసు అంటాడు. న్యాయనిర్ణేతలు సుమారు 500 మంది అనుకుంటే దోషి అన్నవాళ్లు 280, కాదన్నవాళ్లు 220 అని లెక్క తేలుతుంది. శతాబ్దాల తర్వాత రాసిన డయోజెనీస్ లెయర్టియస్ 281 అనే సంఖ్య ఇస్తాడు, శిక్ష దగ్గర మరో 80 మంది మరణం వైపు చేరారంటాడు. మొదట నిర్దోషి అన్నవాళ్లలోనే కొందరు తర్వాత చావు కోరారన్నది వేదిక మీద గుండె పట్టేసే విషయం. కానీ ఆ 80 ప్లేటోలో లేదు. దాన్ని సోక్రటీసు నోట పెట్టడం తప్పు. వ్యాఖ్యాత గొంతులో వినిపిస్తే అభ్యంతరం లేదు.

రంగసజ్జ సంగతి. ఏథెన్స్ కోర్టులో తీర్పు చెప్పే జడ్జి లేడు, నల్లకోటు ప్లీడరు లేడు. నిందితుడే మాట్లాడుకోవాలి. సినిమా కోర్టు చూసి అలవాటైన ప్రేక్షకుడి కోసం బోను, సుత్తి పెడితే అసలు విషయమే చెడుతుంది. బదులుగా ఒక్క వస్తువు చాలు: నీటి గడియారం. ఏథెన్స్‌లో అగోరా అనే పాత అంగడి తవ్వకాల్లో దొరికిన మట్టికుండ ఒకటి ఉంది. అడుగున చిన్న గొట్టం, దాన్లోంచి నీళ్లు ధారగా కిందికి కారిపోతాయి. నిండుగా పోస్తే ఖాళీ కావడానికి ఆరు నిమిషాలు. అలాంటి కుండలోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వింటూ సోక్రటీసు మాట్లాడాడు. ఇన్నాళ్ల అపవాదులు కొద్దిసేపట్లో తుడిచెయ్యలేనని ఆయన వాపోవడం ఆ చప్పుడు పక్కన వింటే అర్థమవుతుంది.

ఇంకొకటి, సభలోని గోల. మాట్లాడుతూ సోక్రటీసు పదేపదే అల్లరి చేయవద్దని జనాన్ని వేడుకుంటాడు. డెల్ఫీ ఆలయంలో తనకంటే జ్ఞాని లేడని చెప్పారన్న మాట ఎత్తినప్పుడు మరీనూ. ఆ గోలను రికార్డు చేసి వినిపించనక్కర్లేదు. నటుడు ఆగి, చెయ్యెత్తి, ప్రేక్షకుల కళ్లల్లోకి చూస్తే చాలు, అయిదువందల మందీ వాళ్లే అయిపోతారు. మెలెటస్‌ను ప్రశ్నించే ఘట్టానికి హరికథకుడి పద్ధతి అక్కరకొస్తుంది. భుజం తిప్పితే ఫిర్యాదుదారు, మళ్లీ తిప్పితే నిందితుడు. నా దృష్టిలో నాటకానికి ప్రాణం ఈ ఘట్టమే.

భాష విషయంలో నెల్లూరు సీమకు సొంత వారసత్వమే ఉంది. వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' (1897)లో చాకలి పేరిగాడు తన వాడుక భాషలోనే మాట్లాడతాడు. సోక్రటీసు కూడా కోర్టు భాష తనకు రాదని, అంగడిలో డబ్బు మార్చేవాళ్ల బల్లల దగ్గర మాట్లాడినట్టే మాట్లాడతానని మొదట్లోనే చెప్పుకుంటాడు. కాబట్టి అతనికి పౌరాణిక నాటకపు సమాసాలు అంటగట్టడం మూలానికి విరుద్ధం. కావలి ట్రంకురోడ్డు అంగళ్ల దగ్గర వినిపించే తెలుగే ఆధారాలకు దగ్గర.

స్వేచ్ఛగా అనుసరించకూడదా అంటే, తప్పకుండా చేయవచ్చు. గాంధీజీ 1908లో దక్షిణాఫ్రికాలో 'ఇండియన్ ఒపీనియన్'లో ఇదే రచనను సత్యవీరుడి కథగా గుజరాతీలో సంక్షిప్తం చేశారు. పూర్తి అనువాదం కాదది, సత్యాగ్రహులకోసం ఏరి కూర్చినది. 1910లో బొంబాయి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అనుసరించినవారి ఉద్దేశం అక్కడ దాపరికం లేకుండా ఉంది, అదే దాని నిజాయితీ.

వేదికే సోక్రటీసుకు చేసిన కీడు కూడా మరువరాదు. క్రీ.పూ. 423లో అరిస్టొఫనీస్ 'మేఘాలు' అనే ప్రహసనంలో ఆయన్ను బుట్టలో వేలాడదీసి నవ్వులపాలు చేశాడు. ఆ ముద్రే తన మీద ఉన్న పాత ఫిర్యాదు అని 'అపాలజీ'లో సోక్రటీసు అంటాడు. అదొక్కటే శిక్షకు కారణమని తేల్చలేం. విచారణకు ముందు ఏథెన్స్‌లో సాగిన నిరంకుశ పాలన, అందులో ఆయనకు పరిచయస్థులు ఉండటం కూడా లెక్కలోకి వస్తాయి.

జవహర్ భారతి వంటి కళాశాల, కె.వి. రమణారెడ్డి వంటి అధ్యాపకుడు విద్యార్థులకు వాదించడం నేర్పిన ఊరు కావలి. అక్కడి నాటక విద్యార్థులకు నా విన్నపం: సెట్టు, విషపాత్ర రెండూ వదిలేసి, ఒక నటుడు, ఒక నీటికుండతో ఈ విచారణను ఆడండి. తీర్పుకు ముందు ఆపి, ప్రేక్షకుల చేత చీటీలు వేయించి, లెక్క అందరి ముందూ చదవండి.