తడి ఎక్కడ మొదలైంది?

వంగి చూడండి. ఇంజిన్, గేర్ బాక్స్ కలిసే అతుకు అడుగున నల్లటి చుక్క వేలాడుతోంది. మెల్లగా లావెక్కుతుంది, సాగుతుంది, కింద పరిచిన అట్టముక్క మీద పడుతుంది. అట్ట మీద ఇప్పటికే అరచేతి వెడల్పు మరక.

రాయదుర్గం పాత ఊరి సందులో రేకుల షెడ్డు ఇది. వెనక గ్రానైట్ బండ, దాని మీంచి తొంగిచూసే అద్దాల మేడలు. లోపల తెల్ల మారుతి 800, ఏపీ 9 నెంబరు. సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే ఇదీ రోడ్డెక్కింది. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 నిబంధనలు రావడంతో హైదరాబాద్ షోరూముల్లో ఈ మోడల్ అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. అయినా ఈ బండి బాగు చేయగల చేతులు ఊళ్లో ఇంకా ఉన్నాయి. వాటిలో రెండు ఇప్పుడు మీ ముందున్నాయి.

బండి యజమాని బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. వేరేచోట చూపిస్తే క్రాంకు వెనక ఆయిల్ సీలు పోయిందన్నారట. అంటే గేర్ బాక్స్ దింపాలి, క్లచ్ విప్పాలి, బోలెడంత కూలి. ఆ సీలు పోయినా నూనె కారేది సరిగ్గా ఇక్కడే కాబట్టి ఆ అనుమానంలో తప్పులేదు. కానీ అనుమానం మీద గేర్ బాక్స్ దింపకూడదు.

ఉస్తాద్ వేలితో చుక్కను అందుకుని, బొటనవేలితో రుద్ది, వాసన చూసి మీ వైపు చాపుతాడు. మీరూ చూడండి. గేర్ ఆయిలైతే గంధకం ఘాటు ముక్కుకు తగలాలి. ఇందులో మాడిన వాసన తప్ప మరేమీ లేదు.

"ఇంజిన్ ఆయిలే."

"అయితే సీలేనా ఉస్తాద్?"

"అయితే గావొచ్చు సార్. ముందుగాల కడుగుదాం. ఈ మురికిల ఏం కనవడ్తది?"

చాలామంది దాటేసే పని ఇదే. డీజిల్ డబ్బా, కుచ్చు బ్రష్షు తీసుకుని కుర్రాడు బండి కిందికి దూరతాడు. ఏళ్ల తరబడి దుమ్ము, నూనె కలిసి గట్టిపడిన పొర పెచ్చులుగా ఊడుతోంది. ఆ పొర ఉన్నంతసేపూ ప్రతి చోటూ తడిగానే కనిపిస్తుంది, కాబట్టి ఏ చోటూ సాక్ష్యం చెప్పదు. గుడ్డతో తుడిచి, గాలి పైపుతో మూలమూలలా ఊది ఆరబెట్టాక అల్యూమినియం అసలు రంగు బయటపడింది. ఇప్పుడు ఉస్తాద్ టాల్కం పౌడర్ డబ్బా తీసి, టాపెట్ కవర్ దగ్గర్నుంచి అడుగున నూనె చాంబర్ అంచు దాకా పలచగా చల్లుతాడు.

ఎక్కండి, వెళ్దాం. చల్లటి ఇంజిన్ నిజం చెప్పదు. వేడెక్కితేనే నూనె పలచబడుతుంది, తిరుగుతుంటేనే లోపల ఒత్తిడి పుడుతుంది. మెట్రో స్టేషన్ వైపు ఎత్తు ఎక్కి, బయోడైవర్సిటీ కూడలిలో ఫస్ట్ గేరులో పాక్కుంటూ, ఖాజాగూడ వైపు తిరిగి, మళ్లీ షెడ్డుకు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్ కాళ్ల కింద సన్నగా వణుకుతోంది.

బానెట్ లేచింది. ఉస్తాద్ చేతిలో టార్చి, పిడి ఉన్న చిన్న అద్దం. అడుగున వెతకడు. చుక్క పడే చోటు నుంచి పైకి వెళ్తాడు, తడి ఆగిపోయేదాకా. గేర్ బాక్స్ నెత్తి మీద తెల్లటి పొడిలో నల్లటి సన్నని గీత. దాని పైన హెడ్ వెనక అంచు, అక్కడా గీతే. ఇంకా పైన టాపెట్ కవర్ ప్యాకింగ్ చుట్టూ పొడి పొడిగానే ఉంది. గీత మొదలయ్యేది డెల్కో, అంటే డిస్ట్రిబ్యూటర్, మెడ దగ్గర. అద్దంలో మీకూ కనిపిస్తోంది కదా?

ఈ ఇంజిన్‌లో డెల్కో హెడ్ చివర, గేర్ బాక్స్ వైపు ఉంటుంది. క్యామ్ షాఫ్టు పళ్లచక్రంతో దాన్ని తిప్పుతుంది. ఆ చక్రం నూనెలో తడుస్తూ ఉండాలి, ఆ నూనె బయటికి రాకుండా ఆపేది మెడకున్న ఓరింగ్ ఒక్కటే. వేడికి ఇన్నేళ్లుగా కాలి రబ్బరు బిగుసుకుపోతే నూనె హెడ్ వెంట దిగి, గేర్ బాక్స్ మీదుగా పారి, అడుగున సీలు పోయినట్టే చుక్కలు కడుతుంది.

ఉస్తాద్ ఇంకా స్పానర్ పట్టలేదు. ఇంజిన్ నడుస్తుండగానే నూనె పోసే మూత తీసి రంధ్రం మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి చూడండి, లోపల్నుంచి గాలి తన్నుతోంది. ఎయిర్ ఫిల్టర్‌కు వెళ్లే బ్రీదర్ పైపు ఊడదీస్తే లోపల నల్లటి జిడ్డు గట్టిగా పేరుకుని ఉంది.

"దీనికి ఊపిరాడకుంటే కొత్త ఓరింగ్ గూడ నిలవది సార్."

నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చేది ఈ మాటే. దొరికిన కారణం వెనక ఇంకో కారణం ఉందేమోనని చూసేవాడే పనివాడు.

విప్పే ముందు మేకు మొనతో డెల్కో ఒంటి మీద ఒక గీటు, ఎదురుగా హెడ్ మీద ఒక గీటు. డెల్కో లోపలి రోటర్ ఎటు చూస్తోందో అదీ గుర్తు పెట్టుకున్నాడు. పళ్లు ఏటవాలు కాబట్టి లాగుతుంటే రోటర్ పక్కకు తిరుగుతుంది, టైమింగ్ తప్పే ప్రమాదం అక్కడే. పాత ఓరింగ్ స్క్రూడ్రైవర్ తగలగానే రెండు ముక్కలైంది. కొత్తది నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరుది, ఖరీదు రెండు చాయ్‌ల డబ్బు. మామూలు రబ్బరైతే నూనెలో ఉబ్బిపోతుంది. కుర్రాడు అనబాండ్ పేస్టు ట్యూబు అందించబోతే ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. ఓరింగ్‌కు పేస్టు అక్కర్లేదు. పైగా లోపలికి పిండుకుపోయిన పేస్టు తునకలు చాంబర్‌లోని జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కు నూనె అందదు.

గీటుకు గీటు కలిసింది. బ్రీదర్ పైపు కడిగి బిగించారు. టైమింగ్ లైటు పెట్టి చూశాక మళ్లీ పొడి, మళ్లీ ఖాజాగూడ. ఈసారి ఆఫీసులు వదిలే వేళ, రెట్టింపు సేపు. తిరిగొచ్చాక డెల్కో కింద పొడి చెక్కుచెదరలేదు. గేర్ బాక్స్ నెత్తి తెల్లగా ఉంది. టాపెట్ కవర్ ఒక మూల మాత్రం పొడి కాస్త మసకబారింది.

"అదీ మార్చేద్దాం ఉస్తాద్."

"వద్దు సార్. అది చెమట, కారుడు గాదు. వచ్చే సర్వీసుల జూద్దాం. మీరైతే వారానికోపారి ఆయిల్ గేజీ చూడుండ్రి. ఈ సందుల గాదు, ఇదంత ఏటవాలు. మీ అపార్ట్‌మెంట్ల సాపుగున్న కాడ, పొద్దుగాల ఇంజిన్ సల్లగున్నప్పుడు. కింది గీత దాక తగ్గితే ఫోన్ జేయుండ్రి."