అన్‌ఫిట్ కాగితం



ప్రతి జూన్‌లో హాస్టల్ అడ్మిషన్ ఫారాలు నింపేటప్పుడు "తండ్రి వృత్తి" అనే గడి దగ్గర మన పిల్లలు ఆగిపోతారు. కొందరు వ్యవసాయం అని రాస్తారు. ఎక్కువమంది మాత్రం దుబాయ్ అనో, మస్కట్ అనో, సౌదీ అనో ఊరి పేరు, దేశం పేరు రాసేస్తారు. చెరుకు కొట్టుడుకు పోయేవాళ్ల పిల్లలు "మహారాష్ట్ర" అని రాస్తారు. టీచర్ ట్రైనింగ్ అయినదాన్ని కాబట్టి తప్పులు దిద్దడం నాకు అలవాటే. కానీ ఆ గడిని మాత్రం దిద్దను. మన చరిత్ర అందులో సరిగ్గానే ఉంది.

మన తాతముత్తాతలది లదేణి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగారు, సైన్యాలకు తిండిగింజలు చేరవేశారు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి బాన్సువాడ చుట్టూ కాలువ కింద వరి పండింది, కానీ మెట్ట మీది తాండాలకు ఆ నీళ్లు ఎక్కలేదు. 1970ల్లో గల్ఫ్‌లో చమురు డబ్బు పెరిగి పనివాళ్ల అవసరం వచ్చినప్పుడు ఉమ్మడి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి పోయినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

ఆ ప్రయాణానికి ఒక గేటు ఉంది. దాని పేరు మెడికల్. గల్ఫ్ దేశాలు ఒప్పుకున్న సెంటర్‌లోనే చేయించుకోవాలి. ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ కోసం రక్తం చూస్తారు. చివరికి వచ్చేది ఒక్క మాట: ఫిట్, లేదా అన్‌ఫిట్. అక్కడికి పోయాక మళ్లీ పరీక్ష ఉంటుంది. హెచ్ఐవీ తేలితే వైద్యం మొదలుపెట్టరు, దేశం నుంచి పంపించేస్తారు.

మా కాకా ఒకాయన అట్లా అన్‌ఫిట్ అయ్యాడు. నేను ఇంటర్ చదివే రోజులు. ఏజెంటుకు కట్టిన డబ్బు పోయింది. ఎందుకు అన్‌ఫిట్ అన్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యం ఆయనకూ లేదు. తాండా మాత్రం వారంలో తేల్చేసింది, "ఆ రోగమే" అని. విందుల్లో ఆయన కంచం వేరుగా పెట్టేవాళ్లు. తమ్ముడికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఏళ్ల తర్వాత దగ్గు పట్టుకుని సర్కారు దవాఖానకు పోతే అక్కడి డాక్టరు ఎక్స్‌రే తీసి, రక్తపరీక్ష కూడా చేయించాడు. హెచ్ఐవీ లేదు. చిన్నప్పుడు వచ్చి తగ్గిపోయిన టీబీ మచ్చ ఊపిరితిత్తి మీద ఉంది. గల్ఫ్ మెడికల్‌లో ఆ మచ్చ ఒక్కటే చాలు అన్‌ఫిట్ చేయడానికి.

ఇది చెప్తే అందరూ "అయ్యో, లేని రోగానికి బాధపడ్డాడే" అంటారు. నాకు ఆ మాటా నచ్చదు. హెచ్ఐవీ ఉన్నా సరే, కంచం వేరు పెట్టాల్సిన పనే లేదు. కలిసి తింటే అది అంటదు.

ఈ భయం తాండాలో పుట్టింది కాదు. మన దేశంలో హెచ్ఐవీ మొదటిసారి బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర చదువుతున్న సెల్లప్పన్ నిర్మల, నిర్బంధ గృహంలో ఉన్న సెక్స్ వర్కర్ల రక్తం సేకరించి, ఐస్ డబ్బాలో పెట్టుకొని రాత్రి రైల్లో వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. అది గొప్ప పరిశోధనే, కాదనను. కానీ దేనికోసం రక్తం తీస్తున్నారో ఆ స్త్రీలకు తెలియదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేశాడు. అందులో హెచ్ఐవీ ఉందని పోలీసులు పట్టుకుపోయి, పాత టీబీ ఆసుపత్రిలో 64 రోజులు బంధించారు. అమెరికా కూడా 1987 నుంచి 2010 జనవరి దాకా హెచ్ఐవీ ఉన్న విదేశీయులను రానివ్వలేదు. ఇన్ని చూసిన జనం పరీక్ష అంటే దాక్కోకుండా ఉంటారా?

నేను ట్రైనింగ్ చదివే రోజుల్లో బస్టాండ్లలో పులిరాజా హోర్డింగులు ఉండేవి. అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్ఐవీ చాలా ఎక్కువ. మేం వాటిని చూసి నవ్వుకున్నాం, జోకులేసుకున్నాం. పరీక్షకు పోయినవాళ్లను నేనైతే ఎరగను.

తర్వాత మారింది చాలా ఉంది. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందులు మొదలుపెడుతున్నారు. రోజూ వేసుకుంటూ, రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గి అట్లాగే ఉంటే లైంగికంగా ఇంకొకరికి సోకదు. మందులు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వచ్చే ప్రమాదం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. సమయానికి మందులు పడితే అది 5 లోపుకు దిగుతుంది. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం ప్రకారం మన ఒప్పుదల లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఉద్యోగానికి దాన్ని షరతుగా పెట్టకూడదు.

ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీ గదికీ గల్ఫ్ మెడికల్‌కీ తేడా ఇక్కడే ఉంది. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. మొదటి పరీక్షలో అనుమానం వస్తే ఇంకో రెండు రకాల కిట్లతో చూశాకే పాజిటివ్ అని చెప్తారు. కాగితం మన చేతికే ఇస్తారు. సోకిన కొత్తలో పరీక్షలో దొరక్కపోవచ్చు కాబట్టి మూడు నెలలకు మళ్లీ రమ్మంటారు. పోవడానికి మొహమాటమైతే ముందు 1097కు ఫోన్ చేసి అడగొచ్చు, డబ్బులు పడవు. వలస పోయినవాళ్లే రోగం తెస్తారని నేను అనడం లేదు, ఆ మాటే మా కాకాను ముంచింది. ఇంటికి దూరంగా, దవాఖానకు దూరంగా ఏళ్ల తరబడి బతికే మనిషికి షుగరైనా, బీపీ అయినా, టీబీ అయినా, హెచ్ఐవీ అయినా ఆలస్యంగా తెలుస్తుంది, అంతే.

మొన్న సేవాలాల్ జయంతికి మస్కట్ నుంచి నాన్న సెలవు మీద వస్తున్నాడని మా హాస్టల్ అమ్మాయి ఒకతి నా దగ్గరికి వచ్చింది. "ఎట్ల చెప్పాలె మేడం, సిగ్గయితది" అంది. షుగర్, బీపీ, టీబీ, హెచ్ఐవీ అన్నీ ఒకే కాగితం మీద వరుసగా రాసి ఇచ్చాను. "అన్నీ ఒకటే రోజు చూపించుకో బాపు అను, అమ్మను గూడ తీసుకపొమ్మను" అన్నాను.

ఆయన ముందు నవ్వాడట. "రెండేండ్లకోసారి అక్కడ రక్తం తీస్తనే ఉన్నరు గద బిడ్డా" అన్నాడట.

"మరి కాగితం నీకు ఇచ్చిన్రా బాపు?" అని అడిగిందట ఈ పిల్ల.

ఆ సోమవారం భార్యాభర్తలిద్దరూ దవాఖానకు వెళ్లారు. "బాపుకు షుగర్ ఉందట మేడం, మాత్రలిచ్చిన్రు" అని అమ్మాయి వచ్చి చెప్పింది. మిగతా రిపోర్టుల సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.