ఒకే ప్రశ్న, రెండు నదులు

పక్షులు తినడానికి ఇష్టపడని సీతాకోకచిలుక వేషం వేసుకుని, తినదగిన సీతాకోకచిలుక ప్రాణం దక్కించుకుంటుంది. జీవశాస్త్రం చదివే పిల్లలందరికీ ఇవాళ తెలిసిన ఈ సంగతిని మొదట వివరించినవాడు హెన్రీ వాల్టర్ బేట్స్. అతని పేరు మీదే దాన్ని బేట్సియన్ మిమిక్రీ అంటున్నాం. పుస్తకాల్లో ఒక్కడి పేరే ఉంది. కథ చెప్పాలంటే మాత్రం ఇద్దరి గురించి చెప్పాలి.

1844. ఇంగ్లండులోని లెస్టర్. మేజోళ్ల పరిశ్రమకు పేరుపడ్డ ఊరు. బేట్స్ వాళ్ల నాన్నదీ ఆ వ్యాపారమే. చిన్నతనంలోనే బడి మానిపించి కొడుకుని ఒక మేజోళ్ల వ్యాపారి దగ్గర పనికి పెట్టాడు. రోజుకు పదమూడు గంటల చాకిరీ. రాత్రిపూట మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు. సెలవు దొరికితే ఊరికి దగ్గర్లోని చార్న్‌వుడ్ అడవిలో పురుగుల వేట. పద్దెనిమిదేళ్లకే పెంకుపురుగుల మీద అతను రాసిన చిన్న వ్యాసం ‘జూవాలజిస్ట్’ పత్రికలో అచ్చయింది.

1844లోనే ఆ ఊరి బడిలో టీచరుగా చేరాడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. వయసు ఇరవై ఒకటి. అంతకుముందు అన్నగారి దగ్గర భూముల సర్వే పని చేశాడు. మొక్కలంటే ప్రాణం గానీ పురుగుల జోలికి పోయినవాడు కాదు. ఇద్దరికీ పరిచయమయ్యాక బేట్స్ తన పెట్టెలు తెరిచి చూపించాడు. వరసలు వరసలుగా పెంకుపురుగులు, ఒకదానికొకటి పోలిక లేనివి. అవన్నీ లెస్టర్ చుట్టుపక్కల పట్టినవే. పదిమైళ్ల లోపల వెయ్యి రకాల దాకా దొరకవచ్చని తెలిసి వాలెస్ నివ్వెరపోయాడు. వెంటనే ఒక సీసా, గుండుసూదులు, ఒక పెట్టె కొనుక్కుని తనూ మొదలుపెట్టాడు. అదే ఊరి గ్రంథాలయంలో అతను మాల్థస్ జనాభా సిద్ధాంతం కూడా చదివాడు. ఆ చదువు పద్నాలుగేళ్ల తర్వాత, భూగోళానికి మరో కొసన అక్కరకొచ్చింది.

మరుసటి ఏడాదే వాలెస్ అన్న చనిపోయాడు. సర్వే పని చూసుకోవడానికి అతను వేల్స్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది. స్నేహం ఉత్తరాల్లోకి మారింది. ఆ ఉత్తరాల్లో ఉన్నది పురుగుల ఇచ్చిపుచ్చుకోళ్లు మాత్రమే కాదు. జీవజాతులు దేవుడు విడివిడిగా చేసినవి కావని, ఒకదాన్నుంచి ఒకటి పుట్టాయని వాదించే ఒక పుస్తకం 1844లో రచయిత పేరు లేకుండా వెలువడి ఇంగ్లండును కుదిపేసింది. తొందరపడి తేల్చేశారని బేట్స్ అభిప్రాయం. కాదు, అది తెలివైన ఊహ, రుజువు చెయ్యాల్సింది మిగిలి ఉంది, ప్రకృతిని గమనించే ప్రతివాడికీ అది పని చెబుతోందని వాలెస్ బదులు రాశాడు. నా దృష్టిలో ఈ కథకు అసలు మొదలు ఆ ఉత్తరం. ఒక యువకుడు ఇంకొక యువకుడికి, మనం చెయ్యాల్సిన పని ఒకటుంది అని చెప్పాడు. 1847 నాటికి వాలెస్ ఇంకా తేటగా రాశాడు: ఇంగ్లండు పురుగులతో తృప్తి లేదు, ఏదో ఒక కుటుంబాన్ని తీసుకుని, జాతుల పుట్టుక తేల్చే ఉద్దేశంతో క్షుణ్ణంగా చదవాలని ఉంది.

ఆ మాట రాసినవాడికి విశ్వవిద్యాలయం పట్టా లేదు, ఆస్తి లేదు. విన్నవాడికీ లేవు. ఆ కాలపు శాస్త్రవేత్తల్లో డార్విన్‌కు తండ్రి సంపద అండ ఉంది, వృక్షశాస్త్రవేత్త హుకర్‌కు క్యూ ఉద్యానవనం అండ ఉంది. బేట్స్, వాలెస్‌లకు ఉన్నది రైల్వే సర్వేలో వాలెస్ వెనకేసిన వంద పౌన్లు, ఒకరికొకరు. అమెజాన్ ప్రయాణం మీద ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ రాసిన పుస్తకం అప్పుడే వచ్చింది. అది చదివి అక్కడికే పోదామనుకున్నారు. బ్రిటిష్ మ్యూజియంలో సీతాకోకచిలుకల విభాగం చూసే డబుల్‌డే, ఉత్తర బ్రెజిల్ సంగతి ఎవరికీ అంతగా తెలియదని, పట్టినవి అమ్ముకుంటే ఖర్చులు గిట్టుతాయని ధైర్యం చెప్పాడు. అమ్మిపెట్టడానికి శామ్యూల్ స్టీవెన్స్ అనే నిజాయితీపరుడైన ఏజెంటు దొరికాడు. 1848 ఏప్రిల్ 26న లివర్‌పూల్‌లో ‘మిస్చిఫ్’ అనే ఓడ ఎక్కారు. నెల తిరిగేసరికి బ్రెజిల్‌లోని పారా రేవులో ఉన్నారు.

ఆ తొలి నెలల గురించి చదువుతుంటే ఆ ఉత్సాహం ఇప్పటికీ తగులుతుంది. ఊరికి మైలున్నర దూరంలో నజారే అనే చోట ఇల్లు తీసుకున్నారు. ఇసిడోరో అనే వృద్ధుడు వండిపెట్టేవాడు. తెల్లారగానే లేచి కాఫీ తాగి రెండు గంటలు పక్షుల కోసం తిరిగేవాళ్లు. పది నుంచి మధ్యాహ్నం దాకా పురుగులు. సాయంత్రమంతా పట్టినవాటిని ఆరబెట్టడం, సూదులకు గుచ్చడం, రాసుకోవడం. పారా నుంచి గంట నడిచేలోగా దాదాపు 700 రకాల సీతాకోకచిలుకలు దొరుకుతాయని బేట్స్ తర్వాత లెక్కవేశాడు. బ్రిటిష్ దీవులన్నిటిలోనూ కలిపి 66 కు మించవు.

ఆగస్టులో టొకాంటిన్స్ నది మీదుగా లోపలికి వెళ్లారు. సుడులు, రాతి వాలులు, మొసళ్లు. పడవలోంచి తుపాకీ గొట్టం పట్టుకుని లాగబోతే అది పేలి, వాలెస్ మణికట్టు దగ్గర కొంత కండ ఎగిరిపోయింది. నదీతీరపు మనుషులు దారి చూపకపోతే, పడవ నడపకపోతే, ఏ చెట్టు మీద ఏది వాలుతుందో చెప్పకపోతే ఆ ఇద్దరూ ఒక్క వారం నిలవగలిగేవాళ్లు కారు. ఆ స్థానికుల్లో చాలామంది పేర్లు ఏ జాతి పేరులోకీ ఎక్కలేదు.

టొకాంటిన్స్ నుంచి తిరిగొచ్చాక ఇద్దరూ విడిపోయారు. విడివిడిగా తిరిగితే వీలుగా ఉంటుందనిపించింది, అంతకు మించి బేట్స్ రాయలేదు. దీన్ని పట్టుకుని పోట్లాడుకున్నారని కథ అల్లేవాళ్లున్నారు. 1850 జనవరిలో జరిగింది చూస్తే నాకు అలా అనిపించదు. నీగ్రో నది అమెజాన్‌తో కలిసే బార్రాలో, అంటే నేటి మనౌస్‌లో, ఇద్దరూ మళ్లీ కలుసుకున్నారు. వానలు తెరిపిచ్చినప్పుడల్లా కలిసి అడవిలో తిరిగారు. తర్వాత ఏ నది ఎవరిదో మాట్లాడుకుని పంచుకున్నారు. రియో నీగ్రో వాలెస్‌ది, పై అమెజాన్ బేట్స్‌ది. అప్పటికి అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదని ఇద్దరికీ అర్థమైంది. ఏ జంతువు ఏ నదికి ఏ ఒడ్డున ఉంటుందో తెలియాలంటే రెండు నదుల మీద ఇద్దరు మనుషులు ఉండాలి.

మరుసటి ఏడు బేట్స్ మనసు విరిగింది. డబ్బు లేదు, ఇంటి నుంచి ఉత్తరాలు లేవు. ఇంగ్లండు వెళ్లిపోదామని పారాకు దిగివచ్చాడు. పట్టణమంతా పచ్చజ్వరం. వాలెస్ తమ్ముడు హెర్బర్ట్, అన్నకు సాయంగా వచ్చి, ఆ పని తనకు సరిపడక తిరుగు ఓడ కోసం అక్కడే ఎదురుచూస్తున్నాడు. అతనికి జ్వరం తగిలింది. బేట్స్ దగ్గరుండి చూశాడు. తనకూ అదే జ్వరం వచ్చింది. బేట్స్ బతికాడు. ఇరవై రెండేళ్ల హెర్బర్ట్ బతకలేదు. ఆ తల్లికి జాబు రాసినవాడు బేట్సే. అప్పుడు వాలెస్ వందల మైళ్ల ఎగువన ఉన్నాడు. తమ్ముడికి ప్రాణం మీదికొచ్చిందన్న కబురు అందడానికే నెలలు పట్టింది.

1852 జూలైలో వాలెస్ ఇంటికి బయలుదేరాడు. నడిసముద్రంలో ‘హెలెన్’ ఓడ తగలబడింది. రెండేళ్ల సొంత సేకరణ, నోటు పుస్తకాలు బూడిదయ్యాయి. ఒక రేకు పెట్టెలో కొన్ని చేపల, తాటిజాతి చెట్ల బొమ్మలు మిగిలాయి. పది రోజులు చిన్న పడవల్లో కొట్టుకుపోయాక వేరే ఓడ కాపాడింది. అయినా ఆ ఏడు తిరగకముందే అమెజాన్ కోతుల మీద వ్యాసం చదివాడు. పెద్ద నదులు జాతులకు సరిహద్దులవుతున్నాయని, మ్యూజియం చీటీల మీద ‘బ్రెజిల్’ అని రాసి ఊరుకుంటే ఆ సంగతి ఎప్పటికీ బయటపడదని అందులో చెప్పాడు. అమ్ముకోవడానికే పురుగులు పట్టేవాడికి చీటీ మీద రకం పేరుంటే చాలు. ప్రశ్న పట్టుకు తిరిగేవాడికి చోటు కావాలి. ఈ పట్టింపు ఇద్దరిదీ. బేట్స్ ఆవిష్కరణ దీని మీదే నిలబడింది.

బేట్స్ మనసు మార్చుకుని పై అమెజాన్‌కు తిరిగి వెళ్లాడు. ఏగా అనే పల్లె అతనికి ఏళ్ల తరబడి ఇల్లయింది. అక్కడి అడవి దారుల్లో హెలికోనిడ్‌లు అనే సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా తిరిగేవి. ముదురు రంగులు, తీరుబడిగా ఎగరడం. అంత తేలిగ్గా దొరికే ఆహారాన్ని పక్షులు గానీ తూనీగలు గానీ తరమడం అతను చూడలేదు. ఆకు మీద వాలినప్పుడు బల్లులూ ముట్టుకునేవి కావు. చచ్చాక పెట్టెలో ఆరబెడితే పురుగు కూడా తక్కువ పట్టేది. వాటి ఒంట్లో ఏదో చేదు ఉండాలి.

ఆ గుంపుల్లోంచి పట్టినవాటిని సాయంత్రం సర్దుతుంటే అక్కడక్కడా ఒకటి తేడాగా తగిలేది. పైకి అచ్చం హెలికోనిడే. కాళ్లు చూస్తే ఆరూ నిండుగా ఉన్నాయి. హెలికోనిడ్‌లకు ముందుకాళ్లు కురచబారి నాలుగే పనికొస్తాయి. చేతిలో ఉన్నది లెప్టాలిస్, తెల్ల సీతాకోకచిలుకల కుటుంబానికి చెందినది, చుట్టరికంలో ఎక్కడో దూరం. ఎగురుతున్నప్పుడు అతనంతటివాడి కన్నునే మోసగించింది. పైగా చాలా అరుదు.

ఇంతవరకు వింత మాత్రమే. ఇంతకుముందే కొందరు ఇలాంటి పోలికలు గమనించి దేవుడి విలాసంగా వదిలేశారు. బేట్స్ తన చీటీలు చూశాడు. నది వెంట కొన్ని వందల మైళ్లు పోతే హెలికోనిడ్‌ల రంగులు మారుతున్నాయి. అక్కడి లెప్టాలిస్ రంగులూ వాటితోపాటే, అదే తీరుగా మారుతున్నాయి. ఏ చోట ఏ హెలికోనిడ్ ఉందో ఆ చోట లెప్టాలిస్‌ది అదే వేషం. ఒకే నేల, ఒకే వాన వల్ల కలిగిన పోలిక అయితే పక్కనున్న మిగతా సీతాకోకచిలుకలన్నీ కూడా అలాగే మారాలి కదా. అవి మారలేదు.

కారణం దొరకడానికి వాలెస్ పని కావాల్సి వచ్చింది. వాలెస్ అప్పటికి మలయా దీవుల్లో ఉన్నాడు. ప్రతి జాతీ తనకు దగ్గరి జాతి ఉన్న చోటే, దాని తర్వాతే పుడుతోందని 1855లో సరావాక్ నుంచి ఒక వ్యాసం పంపాడు. ఏడాది దాటాక అది ఏగా చేరింది. ఆ ఆలోచన నాకూ కలిగింది, ఇంత బలంగా, ఇంత పూర్తిగా నేను చెప్పగలిగేవాణ్ణి కాదు అని బేట్స్ 1856 నవంబరులో రాశాడు. తన ఆలోచనే వేరొకరి పేరుతో అచ్చులో చూసిన మనిషి అలా రాయగలగడం ఎంత గొప్ప! నీ సేకరణ, నా సేకరణ కలిస్తే దీన్ని రుజువు చెయ్యొచ్చని వాలెస్ 1858 జనవరిలో బదులిచ్చాడు. మరో నెలకు చలిజ్వరంలో పడుకుని ఉండగా లెస్టర్‌లో చదివిన మాల్థస్ గుర్తుకొచ్చాడు. పుట్టినవన్నీ బతకవు, మెరుగైనవే మిగులుతాయి. ప్రకృతి వరణం అనే ఆ ఆలోచనను డార్విన్‌కు రాసి పంపాడు. అదే ఆలోచనను ఏళ్లుగా లోలోపల పెంచుకుంటున్న డార్విన్ రాతలతో కలిపి దాన్ని 1858 జూలై 1న లండన్ లిన్నియన్ సొసైటీలో చదివారు.

అమెజాన్‌లో పదకొండేళ్లు గడిపాక, 1859లో బేట్స్ ఇంగ్లండు చేరాడు. అతను సేకరించినవి 14,712 జాతుల జీవులు. వాటిలో దాదాపు 8,000 శాస్త్రానికి కొత్తవి. అన్నేళ్ల కష్టానికీ చేతిలో మిగిలింది సుమారు 800 పౌన్లు. 1861 నవంబరులో అదే లిన్నియన్ సొసైటీలో తన వ్యాసం చదివాడు. లెప్టాలిస్ పిల్లల్లో అన్నీ ఒకలా ఉండవు, కాస్తో కూస్తో చేదుదాన్ని పోలిన వాటిని పక్షులు వదిలేస్తాయి, పోలనివాటిని ఏరేస్తాయి. తరతరాలుగా ఆ ఏరివేత సాగితే వేషం నిఖార్సవుతుంది. తాను చదివిన అత్యంత విశేషమైన పత్రాల్లో అదొకటని డార్విన్ బేట్స్‌కు రాశాడు. ప్రకృతి వరణానికి అంత కళ్లకు కట్టే సాక్ష్యం అప్పటిదాకా లేదు.

వాలెస్ తిరిగొచ్చాక ఆ ఆలోచనను అందుకుని మన దేశపు సీతాకోకచిలుక దగ్గరికి తెచ్చాడు. పెరటి కరివేపాకు, నిమ్మ చెట్ల మీద గుడ్లు పెట్టే నల్లని సీతాకోకచిలుక మన ఊళ్లన్నింటిలో ఉంటుంది, కామన్ మార్మన్ అంటారు. మగది ఒకే తీరు. ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి. కొన్ని ఎర్రచుక్కల రెక్కలతో, గాడిదగడపాకు, ఈశ్వరి తీగ తిని విషం ఒంటబట్టించుకున్న రోజ్ సీతాకోకచిలుకల్లా ఉంటాయి. రోజ్ ఒళ్లు ఎర్రన, వేషధారి ఒళ్లు నలుపు. గుర్తుపట్టడానికి అదొక్కటే తేలిక దారి. 1864లో వాలెస్ లిన్నియన్ సొసైటీకి వివరించిన ఉదాహరణల్లో ఇదొకటి. ఆ వేషాన్ని నడిపేది డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువని బెంగళూరు నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌కు చెందిన కృష్ణమేఘ్ కుంటే, షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2014లో తేల్చారు.

1867లో డార్విన్‌కు ఒక చిక్కు వచ్చింది. కొన్ని గొంగళిపురుగులకు అంత మెరిసే రంగులెందుకు? వాటికి జత కట్టే వయసు కాదు గదా. బేట్స్ దగ్గరికి వెళ్లి అడిగాడు. తనకు తెలియదన్నాడు బేట్స్, వాలెస్‌ను అడగమన్నాడు. ఇంతకుముందొకసారి కూడా అతను అదే సలహా ఇచ్చాడని డార్విన్ వాలెస్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. వాలెస్ వెంటనే జవాబు పంపాడు: అవి చేదువై ఉంటాయి, ఆ రంగు పక్షులకు ముందస్తు హెచ్చరిక. పంజరంలో పక్షులు పెంచే జెన్నర్ వైర్ అనే ఆయన రకరకాల గొంగళిపురుగులు మేపి చూశాడు. వాలెస్ మాటే నిజమైంది. పుస్తకాల్లో హెచ్చరిక రంగులు అని చదివే పాఠం అలా మొదలైంది.

బేట్స్ 1864 నుంచి రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో ఉద్యోగం చేశాడు. 1892లో చనిపోయాడు. ‘నేచర్’ పత్రికలో అతని సంస్మరణ రాసింది వాలెస్. లెస్టర్‌లో కలిసిన తొలి రోజుల నుంచి చెప్పుకొచ్చి, ఆఫీసు గదిలో ఏళ్ల తరబడి సాగిన ఆ చాకిరీ తన స్నేహితుడి ఆయుష్షు తగ్గించిందని బాధపడ్డాడు.