తలుపుకి నాలుగు కన్నాలు

సీసీటీవీని కనిపెట్టింది న్యూయార్కుకి చెందిన ఓ నల్లజాతి నర్సు అని సోషల్ మీడియాలో ఓ పోస్టు తిరుగుతూ ఉంటుంది. ఆవిడ పేరు మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్. మనిషి నిజమే, పేటెంటూ నిజమే. కనిపెట్టిన వస్తువు పేరు మాత్రం తప్పు. కెమెరా ఒకచోట, తెర ఇంకోచోట పెట్టి, ప్రసారంతో పని లేకుండా తీగ మీదే బొమ్మ చూసుకునే ఏర్పాటు 1942 నాటికే జర్మనీలో ఉంది. పేనెముండేలో వీ-2 రాకెట్ ఎగరడాన్ని ప్రాణభయం లేనంత దూరంలో కూర్చుని చూడటానికి వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజనీరు దాన్ని అమర్చాడు. మేరీ చేసింది వేరే పని, నా లెక్కలో అంతకంటే ఆసక్తికరమైన పని. అప్పటిదాకా ఈ కెమెరాలు సైన్యాలవీ ఫ్యాక్టరీలవీ. ఆవిడ ఆ కెమెరాని తెచ్చి, ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆడమనిషి చేతికిచ్చింది.

వాళ్ళిల్లు క్వీన్స్‌లోని జమైకా ప్రాంతంలో. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరివీ వేళాపాళా లేని డ్యూటీలు. ఆయన రాత్రి పనిలో ఉంటే ఆవిడ ఇంట్లో ఒక్కతే. చుట్టుపక్కల దొంగతనాలు పెరుగుతున్నాయి, పిలిస్తే పోలీసులు ఎప్పటికో గానీ రారు. 911 అనే నంబరే ఇంకా లేదు, న్యూయార్కుకి అది 1968లో వచ్చింది. 1964 మార్చిలో ఆ పక్కనే ఉన్న క్యూ గార్డెన్స్‌లో కిటీ జెనోవీస్ అనే యువతిని తెల్లవారుజామున పొడిచి చంపారు. ముప్ఫై ఎనిమిది మంది చూస్తూ ఊరుకున్నారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ లెక్కా, ఆ కథనమూ చాలావరకు అతిశయోక్తులేనని తర్వాత తేలింది, ఆ పత్రికే ఒప్పుకుంది కూడా. ఆ హత్యకీ ఈ పేటెంటుకీ నేరుగా ముడి పెట్టక్కర్లేదు. కానీ అరిస్తే ఎవరూ రారేమో అన్న భయం ఆ ఊరి గాలిలో ఉన్న రోజులవి.

1966 ఆగస్టు 1న భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా దరఖాస్తు పెట్టారు. 1969 డిసెంబర్ 2న పేటెంటు వచ్చింది, నంబరు 34,82,037. అందులోని బొమ్మలు చూడటం నాకు భలే ఇష్టం. వీధి తలుపుకి ఒకదాని కింద ఒకటిగా నాలుగు కన్నాలు. పైది పొడుగు మనిషికి, అడుగుది పిల్లలకి, మధ్యవి మిగతావాళ్ళకి. తలుపు లోపలి వైపు కెమెరా, మోటారుతో పైకీ కిందకీ జరుగుతూ ఏ కన్నంలోంచి కావాలంటే అందులోంచి చూస్తుంది. బొమ్మ రేడియో తరంగాల మీద పడకగదిలోని టీవీకి చేరుతుంది. మైకూ స్పీకరూ ఉన్నాయి, మంచం మీంచి లేవకుండానే "ఎవరు?" అని అడగొచ్చు. తెలిసినవాళ్ళయితే ఒక మీట నొక్కితే తలుపు గడియ వీడుతుంది. కాకపోతే ఇంకో మీట, దాంతో అలారం. పేటెంటు సారాంశం మొదటి మాటల్లోనే ఈ వ్యవస్థ మొత్తం ఆ ఇంట్లో ఉండే మనిషి అదుపులో ఉంటుందని రాసుకున్నారు. ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను.

మా వృత్తిలో ఏదైనా కట్టేముందు, ఎవరి నుంచి కాపాడుతున్నాం, దేన్ని కాపాడుతున్నాం అని రాసుకుంటాం. ఈ పేటెంటులో కాపాడుతున్నది బీరువాని కాదు. తలుపు చప్పుడైన క్షణానికీ, తీయాలో వద్దో తేల్చుకునే క్షణానికీ మధ్య ఆవిడకి దొరికే కాస్త వ్యవధిని. మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేసేముందు ఏ ఆకారంలో వేస్తే అందంగా ఉంటుందా అని ఆలోచిస్తాడు, జంధ్యాన్ని కొలతాడుగా వాడతాడు. ఆ నాటకంలో ఇంటి లోపలివాళ్ళు నిద్రపోతుంటారు, తెలివంతా బయటివాడిదే. ఇక్కడ కన్నాలు వేసింది ఇంటావిడ.

నిజానికి ఇంటి అలారం కథ అంతకుముందు నూరేళ్ళుగా మరో దారిలో నడిచింది. 1853లో మసాచుసెట్స్‌లో అగస్టస్ పోప్ అనే ఆయన, తలుపు తెరుచుకుంటే విద్యుత్ వలయం పూర్తయి గంట మోగేలా పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కులు కొన్న ఎడ్విన్ హోమ్స్ దాన్ని వ్యాపారం చేశాడు, తర్వాత ఆ తీగల్ని ఇళ్ళలోంచి తన సెంట్రల్ ఆఫీసుకి లాగాడు. డబ్బు కడితే ఎక్కడో ఒక కంపెనీ మనిషి మన ఇంటిని కనిపెట్టుకుని ఉంటాడు. మేరీది ఈ వంశం కాదు. మార్కెట్లో గెలిచింది మాత్రం హోమ్స్ వంశమే.

మేరీ వ్యవస్థ అప్పట్లో అంగళ్ళకి చేరలేదు. ఆనాటి టీవీ కెమెరా గుండె ఒక వాక్యూమ్ ట్యూబు. పెద్దది, ఖరీదైనది, సగటు నర్సు జీతానికి అందనిది. విచిత్రమేమిటంటే, పేటెంటు రావడానికి రెండు నెలల ముందు, 1969 అక్టోబర్లో, పక్కనే న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు సీసీడీ ఆలోచనని కాగితం మీద పెట్టారు. కెమెరాని చిప్పులోకి కుదించిన ఆలోచన అది. వాళ్ళకి 2009లో నోబెల్ వచ్చింది.

ఆ తర్వాత సంగతులు మనకు తెలిసినవే. 2013లో షార్క్ ట్యాంక్‌లో పెట్టుబడి దొరకని డోర్‌బాట్ అనే కాలింగ్ బెల్ కెమెరా, రింగ్ అని పేరు మార్చుకుంది. 2018లో దాన్ని అమెజాన్ కొనేసింది. ఉద్యోగులూ కాంట్రాక్టర్లూ కస్టమర్ల వీడియోలు, పడకగదుల్లోవి సహా, చూసే వీలుండేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపిస్తే, 2023లో రింగ్ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటిదొంగ మన ఇంట్లో కూడా లేడు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్నీ డీవీఆర్‌లనీ సైన్యంగా కూడగట్టి ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద సైట్లనే కాసేపు పడగొట్టింది. దొంగల కోసం పెట్టిన కాపలాకుక్క ఊరి మీద పడిందన్నమాట.

మన వైపు కథ వీధిలోంచి మొదలైంది. 2013లో, దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు జరిగిన ఏడాదే, జనం ఎక్కువగా వచ్చే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి చేస్తూ ఉమ్మడి రాష్ట్రం చట్టం తెచ్చింది. తర్వాత హైదరాబాద్ పోలీసులు కాలనీవాళ్ళ చందాలతో కెమెరాలు పెట్టించే పథకానికి "నేను సైతం" అని పేరు పెట్టారు. శ్రీశ్రీ మాట ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూడండి! ఈ కెమెరాల వల్ల కేసులు తేలుతున్నాయి, దాన్ని కాదనను. కానీ ఇవి చాలావరకు జరిగాక వెనక్కి తిప్పి చూసుకునేవి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు అని మరీ అనలేను గానీ, మేరీ కోరుకున్న ఆ కాస్త వ్యవధిని ఇవి ఇవ్వవు.

ఇప్పుడు ఇంటికి కెమెరా కొనాలంటే షాపువాడు మెగాపిక్సెళ్ళ దగ్గర మొదలుపెడతాడు. చీకట్లో కనిపిస్తుందా, మెమరీ కార్డు ఎంత, క్లౌడ్‌కి నెలకెంత. ఇవన్నీ అడగాల్సినవే. రికార్డింగ్ ఇంట్లో డబ్బాలోనే ఉండేలా, నెట్ పోయినా నడిచేలా ఉంటే మంచిదని నేనైతే చెబుతాను. కానీ గుంటూరులోనో కరీంనగర్‌లోనో చాలా ఇళ్ళలో ఆ కెమెరా కొనేది ఆ ఇంట్లో ఉండేవాళ్ళు కాదు. డల్లాస్‌లోని కొడుకో, బెంగుళూరులోని కూతురో ఆన్‌లైన్‌లో కొని పంపుతారు. గుమ్మం దగ్గర ఒకటి, హాల్లో ఒకటి. అమ్మానాన్నా పెద్దవాళ్ళయ్యారు, పడిపోతే తెలియాలి కదా. ఆ ప్రేమలో అబద్ధం లేదు. యాప్ మాత్రం పిల్లల ఫోన్లో ఉంటుంది, పాస్‌వర్డ్ వాళ్ళకే తెలుసు. పనిమనిషికి జీతం పెంచిందనో, నాన్న మళ్ళీ పచ్చడి వేసుకున్నాడనో అక్కడి నుంచి ఫోన్ వస్తుంది.

యూరప్‌లో అయితే, ఇంటి కెమెరా వీధిని కూడా పడుతుంటే అది సొంత గొడవ కిందకి రాదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2014లోనే చెప్పింది. మన 2023 డేటా రక్షణ చట్టం, వ్యక్తులు సొంత అవసరాలకో ఇంటి అవసరాలకో వాడుకునే డేటాని తన పరిధిలోంచి తప్పించింది. ఆ హాల్లో అమ్మ ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడాలంటే ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్తుంది.